మేమా, మనమా

పగడాల వీధిలో పగడాలమ్మేవాళ్ళు పోయి చాలా కాలం.
పేరొక్కటే మిగిలింది.
అక్కడ వేలాయుధం ప్రెస్సులో కంపోజిటర్ని,
గూడూరు వాణ్ణి,
అక్షరాల్ని తలకిందులుగా చదివి బతికేవాణ్ణి.

నఫ్తాలి గారు ఆషాఢం ఉక్కలో వచ్చారు.
పగలు కళ్ళద్దాలు నూరే కొట్టు, రాత్రిళ్ళు రాత.
కోటు జేబులోంచి నలభై కాగితాలు తీసి
"ఆదివారం మేడగదికి మా యూదులు పన్నెండుమంది వస్తారు.
టీ తాగి, కష్టాలు చెప్పుకుని వెళ్ళిపోతారు ప్రతిసారీ.
ఇది చేతిలో పెడితే వెళ్ళలేరు" అన్నారు.

ఇంగ్లీషు నాకు సీసం ముక్కలే, మాటలు కావు.
డబ్ల్యూలు చాలక
ఎమ్ములు తిరగేసి పెడుతున్నాను.
ఇన్నిసార్లు వస్తోంది, ఏమిటయ్యా ఈ మాట?
బజారు తెలుగులో చెప్పారు:
"మేము. మేము ఒక జనం. మాకొక నేల."
"మేమా అయ్యా, మనమా?"
"తేడా ఏమిటి?"
"మేమంటే నేను గడప బయట.
మనమంటే నేనూ లోపలే."

తడి ప్రూఫు పట్టుకుని అలాగే నిలబడ్డారు.
ఆఖరి ట్రాము వెళ్ళిపోయింది.
"మా భాషలో రెంటికీ ఒకటే మాట" అన్నారు.
నోరూరుకోక ఇంకోటి అడిగాను,
ఆ నేల మీద ఇప్పుడెవరన్నా ఉన్నారా అని.
"ఉన్నారు."
అంతే. గొడుగు మరిచిపోయి వెళ్ళారు.

మర్నాడు ఒక పేరా ఎక్కువ తెచ్చారు, ఉన్నవాళ్ళ గురించి.
శుక్రవారం సెక్రటరీ వచ్చి
నీలం పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు.
ఆదివారం సంఘం పుట్టింది:
అధ్యక్షుడు, కోశాధికారి, రసీదు పుస్తకాలు
(అవీ మేమే అచ్చేశాం, అరువు మీద).
అట్ట మీద రాసినాయన పేరు లేదు.
ఆయన అడగనూ లేదు.

కొట్టేసిన పేరాని నేను విడగొట్టలేదు.
పురికొసతో కట్టి కేసు కింద తోశాను.
అప్పట్నుంచీ ఆ కాసిని అక్షరాలు తక్కువతోనే పని.

చాలా ఏళ్ళకి, మా వాళ్ళు వచ్చారు ఊరేగింపు కరపత్రంతో.
చెయ్యి దానంతటదే కూర్చింది:
మద్రాసు మనదే.
వేలాయుధం ప్రూఫు వెలుతురుకి పట్టుకున్నాడు.
తెలుగు చదవడం రాదు, ఒత్తులు చూస్తాడంతే.
ఏమిటన్నాడు. చెప్పాను.
"నమ్మళుదా," అన్నాడు, "ఉంగళుదా?"

నేను మాట్లాడలేదు.
కాసేపాగి, ఎన్ని కాపీలు అని అడిగాడు.