గాలికొట్టు

మైపాడు రోడ్డు ఇసకలో కూరుకుపోయే చోటికి
నాలుగడుగుల ఇవతల నా కొట్టు.
బోర్డు మీద సిలిండరు బొమ్మేసి
కింద 'గాలి' అని బారెడక్షరాలు రాసి
మిగతా మాటకి రేకు చాల్లేదన్నాడు పెయింటరు.
మొదటిరోజు మొదటి బేరం
మోపెడ్ నెట్టుకుంటూ వచ్చిన రొయ్యల మేత గుమాస్తా:
"ఎనక టైరన్నా. రోంత కొట్టు."

తిట్టి పంపబోయా.
మస్తానమ్మ కళ్ళతోనే ఆపింది.
మూతబడ్డ హేచరీలో పదేళ్ళు లెక్కలు రాసిన మనిషి,
జీతం బాకీలు ఇప్పటికీ కంఠతా చెప్తుంది.
"బోణీ బేరం. ఎనక్కి పంపబాక."
పది రూపాయలు.
ఆ నెల చిట్టాలో జమ వైపు కూర్చున్నవన్నీ
అట్టాంటి పదులే.

చెన్నైలో పాతది కొనితెచ్చిన కంప్రెసరు
తెల్లారగట్ల నాలుగు సార్లు దగ్గి లేచేది.
దాని కిస్తీకి మాత్రం ఏ జబ్బూ లేదు,
అయిదో తేదీకల్లా నిటారుగా నిలబడేది.

ఆదివారాలు నెల్లూరు నుంచి కార్లొచ్చేవి.
"పగడాలు కనపడతాయా? తాబేళ్ళో?"
కనపడతాయన్నా.
అబద్ధం చెప్పేటప్పుడు సముద్రం వైపు చూళ్ళేదు.
రెండు నిలువుల కింద
పెన్న మోసుకొచ్చిన మన్ను, కాగిన టీ రంగు,
చాచిన చేతికి వేళ్ళున్నాయో లేదో
తడుముకుంటే గానీ తెలీదు.
పైకి తేలిన పెద్దమనిషి అద్దం తీసి
"కళ్ళు మూసుకుంటే కనపడేదానికి
రెండువేలా అబ్బయా?" అన్నాడు.
తిరిగి ఇచ్చేశా. నోట్లు తడిసి అంటుకున్నాయి.

ఆ రాత్రి మస్తానమ్మ లాంతరు వత్తి తగ్గిస్తూ అంది:
"లేంది అమ్మబాక. నీ కాడ ఏముండాదో అది అమ్ము."
ఏముంది నా కాడ?
గాలి.

పెంచలరెడ్డి హేచరీ తాళం తుప్పు పట్టి ఉంది.
వైరస్‌కి పిల్ల చచ్చాక ఎవరూ తియ్యలేదు.
వెనక నీళ్ళు నిలవజేసే సిమెంటు తొట్టి,
రెండు నిలువుల లోతు.
బాడుగకి తీసుకుని, నాచు గీకి,
వడకట్టిన నీళ్ళు నింపాం.
అక్కడ పగడాల్లేవు. ఒక మూల రాయి,
దాని మీద ఎవరో మర్చిపోయిన స్టీలు గ్లాసు.

కోవూరు లెక్కల టీచరు విమలమ్మ దిగింది.
నలభై ఏడేళ్ళు. బక్కెట్లో తల ముంచాలన్నా భయమట.
పావుగంట గ్లాసు పక్కనే కూర్చుంది,
బుడగలు ఒక్కొక్కటీ పైకి పంపుతా.
లేచి వచ్చి మాట్లాడదే!
తువ్వాలు చుట్టుకుని చివరికి అంది:
"నా ఊపిరి చప్పుడు నేనెప్పుడూ విన్లేదయ్యా."
తర్వాతి వారం స్టాఫ్ రూమంతా ఆటోలో దిగింది.

మిగతాది పడవలు తెచ్చిపెట్టాయి.
పోలయ్య ఇంజను ఫ్యాన్‌కి వల చుట్టుకున్నప్పుడు,
జువ్వలదిన్నె కాడ లంగరు తెగినప్పుడు
బురదలో కళ్ళకి సెలవు.
చేతులే చూస్తాయి, చేతులే చదువుతాయి
ఏది తాడో, ఏది వలో, ఏది పామో.
కూలి కింద మూడు కిలోల చందువా ఇస్తే
మస్తానమ్మ ఆ రోజు బజారు రేటు కనుక్కుని
జమ రాసింది,
ముల్లు పొల్లు తీసెయ్యకుండా.

ఇసక తవ్విన పెన్న గుంటల్లోకి
పోలీసులు పిలిచినప్పుడు మాత్రం వెళ్ళొస్తాను.
చిట్టాలో తేదీ ఉంటుంది,
సిలిండర్లు రెండు అని ఉంటుంది.
ఎదురుగా గడి ఖాళీ.
దాని గురించి ఆమె అడగదు, నేను చెప్పను.
ఆ పూట నాకు అన్నంలో చేప వెయ్యదు.

మార్చి ముప్పై ఒకటి.
కిస్తీ, బాడుగ, కరెంటు, నూనె, ఫిల్టర్లు,
నీళ్ళు మార్చే కుర్రోడి జీతం పోను
మొదటిసారి
ఆకుపచ్చ సిరాతో రెండు గీతలు కొట్టింది:
ఇరవై ఒక్క వేల నాలుగు వందల ముప్పై.

ఇరవై ఒక్క వేలు నాకు అర్థమయ్యాయి.
నాలుగు వందలూ ఎక్కడివో తెలుసు.
ఆ ముప్పై ఏందని అడిగా.

కళ్ళజోడు తుడుచుకుంటా
రోడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది.
"మూడు టైర్లు."