లప్పం వేరు

ఇంటికి ఉత్తరం వైపు గడ్డి మొలవదు.
మూడేళ్ళు విత్తనాలు చల్లాను,
మూడేళ్ళూ పక్షులకు విందు పెట్టినట్టయింది.
"మేపుల్ కొట్టించెయ్ వెర్లీన్, ఎండ పడుతుంది"
అన్నాడు పచ్చిక కోసే కుర్రాడు.
కొట్టించలేదు.
చెట్టు మీద ప్రేమతో కాదు,
ఆ నెల చేతిలో డబ్బాడక.

కొండ మీద కొత్త రోడ్డుకు ఎర్రజెండాలు పాతిన ఏడు
హోబర్ట్ సైజ్‌మోర్ తన వాటా అడవిలోకి పిలిచాడు.
"సోమవారం బుల్డోజర్ వస్తుంది,
నీకేం కావాలో ఈలోగా తవ్వుకో."

నేను తవ్వుకున్నది గులాబీ ముచ్చెపువ్వు.
ఎవరైనా అదే తవ్వుకుంటారు.
పసిపాప పాదం కూడా పట్టని ముచ్చె,
ఊపిరి బిగబట్టినట్టు ఉబ్బి.
వేరు తెగకుండా, మన్ను రాలకుండా
రొట్టెలు కాల్చే పళ్ళెంలో పెట్టి
ట్రక్కులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

మొదటి వసంతం పూసింది, పిలిచి మరీ చూపించాను.
రెండో వసంతం రెండాకులు.
మూడో వసంతం ఒకటే, కుక్క చెవిలా వాలి.
ఆ తర్వాత
నేను గుచ్చిన రేకు చీటీ ఒక్కటే
పేరు పట్టుకుని నిలబడింది.

హోబర్ట్ చేతికర్రతో మన్ను కెలికాడు.
"సగమే తెచ్చావు" అన్నాడు.
"మిగతా సగం ఆ మట్టిలోనే ఉంది,
తెల్లటి నూలుపోగుల బూజు, కంటికానదు.
పిల్లను ఎత్తుకొచ్చావు గానీ
అన్నం పెట్టే చేతిని అక్కడే వదిలేశావు."

ఒళ్ళు మండింది నాకు.
ఆ చెయ్యి ఇప్పుడు తారు కింద ఉంది.

ఆకులు రాలే కాలంలో
పాత పేపర్లో చుట్టి రెండు దుంపలు ఇచ్చాడు.
సన్నటి పోగు ఒకటి రెంటినీ కలిపి ఉంచింది.
ఒకటి పోయినేటిది, ఒకటి ఈ ఏటిది.
లప్పం వేరంటారు మా టెనెసీ కొండల్లో.
వాళ్ళ నానమ్మ దీన్ని నూరి, జిగురు తీసి
పగిలిన పింగాణీ అతికేదట.
ఆ నీలం గిన్నె నేను చూశాను,
అంచు నుంచి అడుగు దాకా గోధుమరంగు గీత.
ఇప్పటికీ అందులో చిక్కుడు గింజలు తింటాడు,
పులుసు మాత్రం పొయ్యడు.

అందరూ ఆకు దులుపుకునే వేళ
ఇది ఆకు తొడిగింది.
ఒకే ఒక్కటి. తెల్ల చారలు,
పెట్టెలోంచి తీసిన బట్టలా మడతలు.
జనవరి మంచు పక్కకు తోసి చూస్తే
పచ్చగా, పని మీద ఉన్న మనిషిలా.
మేపుల్ బోసిగా ఉన్న నెలల్లోనే దాని ఎండ.
మే నెలలో చెట్టు గొడుగు విప్పేసరికి
తిన్నది మూట కట్టుకుని
ఆకు మాయం.

ఐదో ఏడు కాడ లేచింది,
పదకొండు మొగ్గలు, లెక్కపెట్టాను.
తెల్లారేసరికి జింక కొరికేసింది.
నైట్‌గౌనులో నిలబడి
అమ్మ వింటే నోట్లో సబ్బు కుక్కే మాటలు
తిట్టాను, అడవి వైపు తిరిగి.

ఈ నవంబరులో సంగతి చెబుతాను.
కంచె మూల పడిపోయిన హికరీ దుంగ
ఈడ్పించాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నా.
అది నానింది, చివికింది, చేత్తో నలిపితే కాఫీపొడి.
అందులోంచి ఒక ఆకు, అరచేతిలో సగం,
ఎవరూ నాటనిది.
బోర్లా పడుకుని తిరగేస్తే
అడుగంతా వంకాయ రంగు!
పొడుగుకాళ్ళ దోమపువ్వు. వేసవిలో పూస్తుంది,
అప్పటికి ఈ ఆకు ఉండదు,
ఆకూ పువ్వూ ఒకదాని మొహం ఒకటి ఎరగవు.

హోబర్ట్‌కి ఫోన్ చేశాను.
వచ్చాడు గానీ మోకాళ్ళు వంగవు.
స్నానాలగదిలోంచి చేతి అద్దం తెచ్చి
ఆకు కింద పెట్టాను.
చాలాసేపు వంకాయ రంగులోకి చూశాడు.
తర్వాత అద్దం కాస్త జరిగింది కాబోలు,
"అయ్యో" అన్నాడు,
"ఇవాళ గడ్డం కూడా గీసుకోలేదు."