ఇరవై నిమిషాలు

ఆస్కయ్ నుంచి వచ్చే పడవ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అంతే.
ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి అంతే.
అప్పుడు, బెర్గెన్‌లో నవంబరు చీకటి నాలుగింటికే దిగిపోయి
కిటికీ అద్దాన్ని వాన గోళ్లతో గీరుతుంటే,
నువ్వు చచ్చిపోయావు, ఓడ్వార్.
కాసేపటికి బతికొచ్చి ఇంకెవరి పక్కనో కూర్చున్నావు.
ఆ తర్వాత, నన్నసలు ఎన్నడూ ప్రేమించనే లేదు.
మూడూ పద్దెనిమిది నిమిషాల్లోనే.

మిగిలిన రెండు నిమిషాల్లో
నీ బూట్లు బాల్కనీలోంచి విసిరేశాను.

నాలుగో అంతస్తు.
ఒకటి కిందింటివాళ్ల సైకిల్ బుట్టలో పడింది.
రెండోది నీళ్ల గుంటలో, నోరు తెరుచుకుని.

నువ్వు తలుపు తీసుకొచ్చావు.
చేతిలో తడిసిన కాగితం సంచి, దాల్చినచెక్క బన్నులు.
నీకిష్టమని, అన్నావు.
నేనేమన్నానో నీకు గుర్తుంది.
నాకు లేదంటే నమ్మవు.
గొంతు నాదే. మాటలు ఎవరో వెనకనుంచి అందించారు.

మీ అక్క సీల్యె ఓసారి వంటింట్లో అడిగింది
(నేను స్నానంలో ఉన్నాననుకుంది, ఈ ఇంటి గోడలు పల్చన):
"దీన్నెట్లా భరిస్తున్నావురా?"
"స్టవ్ మీద పాలు పెట్టి పక్కకి పోను, అంతే" అన్నావు.
మూడు రోజులు ఆ మాటని బుగ్గన పెట్టుకు తిరిగాను.
నాలుగోరోజు నీ మీద పడి అరిచాను,
నేనేమైనా గిన్నెనా అని.

మంగళవారాలు, పళ్ల డాక్టరు పైఅంతస్తులో,
ఏడుగురం కూర్చుంటాం.
కాగితం మీద నిలువుగా గీత గీయమంటుంది గ్రో.
ఇటు జరిగింది, అటు నువ్వు అల్లింది.
ఇటు రాశాను: పడవ ఆలస్యమైంది.
అటువైపుకి ఇంకో రెండు కాగితాలు అడిగాను.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికొచ్చేదాకా, ఎందుకు నవ్వారా అనుకున్నాను.

ఆ రాత్రి కిందికెళ్లి బూట్లు తెచ్చాను.
పాత వార్తాపత్రికలు ఉండచుట్టి కూరాను.
తడిస్తే తీయడం, పొడివి పెట్టడం.
ఎన్నికలు, చేపల ధరలు, ఎవరిదో మరణవార్త.
మూడింటికి లేచొచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నావు.
పర్లేదనలేదు. పర్లేదని కాదు కూడా.
పేజీ చింపి ఇచ్చావు.
నేను కూరాను.
ఇంకో పేజీ.

మార్చిలో, కొన్నాళ్లు నిద్రపోవాలన్నావు.
వోస్‌కి, సీల్యె ఇంటికి, పద్నాలుగు రాత్రులు.
వెళ్తూ ఫ్రిజ్ మీద అంటించావు:
తిరిగొచ్చే తేదీ, రైలు టైము,
కింద చిన్నగా, "ఆలస్యమైతే అది రైలు తప్పు."

ఇది తొమ్మిదో రాత్రి.
ఫోను గరిటెల సొరుగులో అడుగున ఉంది.
గుప్పిట్లో మంచుముక్క, మోచేతిదాకా కారుతోంది.
ఐదోరోజు ఆ చీటీ చింపేశాను.
ఆరోరోజు అతికించాను.
టేపు కింద తేదీ కాస్త వంకరగా వచ్చింది,
పద్దెనిమిదో పదహారో
తలవంచి చూస్తేగానీ తెలియట్లేదు.