నిలబడి ఉన్న బండి

రాత్రి రెండున్నరకి
వీధిలో ఏదో తెగిన చప్పుడు.
ఎదురు మేడ మీద కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది.
నేనూ పక్కకి తిరిగి పడుకున్నాను.

తెల్లారి చూస్తే
వేపచెట్టు కింద నా కారు
కుడి ముందుకాలు ఆనించలేని ఎద్దులా
ఓ పక్కకి ఒరిగి ఉంది.
ఎవరూ ఎక్కలేదు, ఎవరూ తోలలేదు.
నిలబడి నిలబడి విరిగింది.

కుళ్లాయప్ప బండి కిందికి దూరి
స్ప్రింగు చివరి చుట్టు ముక్క
అరచేతంత, బయటికి తెచ్చాడు.
"మొన టైరు పక్కకే తిరిగుండాది మేడమ్.
కళ్యాణదుర్గం రోడ్డులో ఎనభైలో పోతాన్నప్పుడు ఇరిగుంటే..."
మిగతాది చెప్పకుండా చేతులు తుడుచుకున్నాడు.
వాళ్ల నాయన కమాన్‌కట్టల పనివాడు.
లారీ కట్ట విరిగితే ఆ ముక్కని కొలిమిలో పెట్టి
బుడ్డల చేలకి తొలికెలు సాగగొట్టేవాడట.
"దీంతో ఏమొస్తాది?
చెవిలో గుబిలి తీసుకునే పుల్ల."

నేను పశువుల డాక్టర్ని.
విరిగిన చోటు చదవడం నాకు తెలుసు.
ముక్కని ఎండకి పట్టి చూశాను.
అంచున నెలవంక మేర తుప్పు,
తక్కినదంతా నిగనిగ, రాత్రి విరిగిన తెలుపు.
అంటే పగులు పాతది.
పెయింటు లేచిన చోట మొదలై
నెలల తరబడి లోపలికి పాకింది,
నేను పాటలు పెట్టుకుని
కంబదూరు పోయి వస్తూ ఉండగానే.

షోరూములో చల్లగా ఉంది.
మేనేజరు మంచి పిల్లోడే, మంచినీళ్లు ఇచ్చాడు.
మూడేళ్లు దాటి పదకొండు రోజులు మేడమ్, అన్నాడు.
రోడ్లు అట్లాంటివి, అన్నాడు.
నిలబడి ఉండగా విరిగింది కదా, అన్నాను.
లోడు ఏం వేశారు, అన్నాడు.
టీకాల ఐసు పెట్టెలు రెండు.
ఒకే ఒక్కసారి, ఒప్పుకుంటాను, ఒక పొట్టేలు.
తుప్పు కనిపిస్తోంది, వాతావరణం వల్ల, అన్నాడు.

నవ్వొచ్చింది.
అనంతపురంలో తుప్పు!
చినుకు పడితే తేదీ రాసిపెట్టుకునే ఊరు నాయనా ఇది.
దీని కడుపు కింద నీళ్లు పడ్డది
మీ సర్వీసులోనే,
బిల్లు వేసి మరీ కొట్టారు, ఆరుసార్లు.

అతను కంప్యూటరు వైపు చూశాడు.
ఒకటి విరిగితే జత మార్చాలంట.
ఎద్దుకి ఒక కాలు పోతే
రెండోది కూడా తీసెయ్యమని
నేనెప్పుడూ రాయలేదు.
తొమ్మిదివేల నాలుగొందలు.
"సిస్టమ్ తీసుకోదు మేడమ్.
నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ మాట యాడో విన్నట్టుంది.

పోయిన నెల కరియన్న వచ్చాడు,
భుజాన కంబళి, గోతంలో చచ్చిన గొర్రె తల.
చెవికి చీలిక ఉంది, బిళ్ల లేదు.
"కంపలో చిక్కి తెగిపోయిందమ్మా,
నువ్వే కదా ఏసింది,
నీ చేత్తోనే కదా చెవి కుట్టింది."
నేనే కుట్టాను. ఆ చీలిక నా బిళ్లదే, చూడగానే తెలిసింది.
బిళ్ల లేకపోతే ఇన్సూరెన్సు రాదు కరియన్నా, అన్నాను.
నా చేతుల్లో ఏమీ లేదు, అన్నాను.
మంచినీళ్లు కూడా ఇచ్చాను.

కొత్త స్ప్రింగులు కుళ్లాయప్పే వేశాడు.
కేసు తేలినాక కూలి ఇద్దురులే అంటే
నేను వినలేదు, విరిచింది అతను కాదు కదా.
వినియోగదారుల కోర్టుకి అర్జీ రాశాను.
నెలవంక కనపడేట్టు ఫొటోలు తీశాను.
ఆ పగులు గ్యారంటీ లోపలే పుట్టింది,
దాని వయసుకి నేను సాక్ష్యం.

రాస్తూ రాస్తూ ఆగి
ఇంకో కాగితం తీశాను.
"చెవి చీలికను స్వయంగా పరిశీలించితిని"
అని మొదలుపెట్టాను.
దీన్ని ఏ గడిలో రాయాలో
ఆ ఫారంలో లేదు.

ముక్క ఇంకా నా సంచిలోనే ఉంది.
కంబదూరు దారిలో గుంత వచ్చినప్పుడల్లా
సిరంజీల డబ్బాకి తగిలి
టింగుమంటుంది.