నాలుగో గుంత

మహాద్ బిన్ ముసల్లమ్ అడుగు వేసుడు చూస్తే చాలు
ఒకప్పటి సిపాయని తెలుస్తది.
ముందు మునివేళ్లు. ఆగుతడు. తర్వాత మడమ.
తాఖా ఊరి బయట మందుపాతరలు ఏరేసి
నలభై ఏండ్లు దాటినా
ఆయన కాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను ఓర్సు సమ్మయ్యను. మెట్‌పల్లి దిక్కు.
మన్ను వాసన చూసి
నీళ్లు ఎన్ని గజాల కింద ఉన్నయో చెప్పేటోడు మా తాత.
ఏజెంటు మస్కట్ల మాల్ అన్నడు, ఏసీ అన్నడు.
తెచ్చి ఈ దిబ్బ మీద దించిండ్రు.
చేతికి పార ఇయ్యలే,
పండ్లు తోముకునే బ్రష్షు ఇచ్చిండ్రు.

యుద్ధం అయినంక
తవ్వకాలకొచ్చిన తెల్లోళ్లకు కాపలా పెట్టిండ్రట ఆయన్ని.
తుపాకి పట్టుకొని గట్టు మీద నిలబడి
కింద గుంతలకు తొంగిచూసి తొంగిచూసి
నలభై ఏండ్ల వయసుల డిగ్రీ చదివిండు.

మొదటి దినమే నాకూ ఆయనకూ పేచీ.
ఇదంత ఒక్కటే పొర అన్నడు.
కాదు సార్, పైన బూడిదమన్ను, కింద పచ్చమన్ను,
నడుమ వేలెడు మందం కాలింది,
ఈడ పొయ్యి ఉండె అన్న, వచ్చీరాని హిందీల.
వంగి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నడు.
చానసేపు ఏమనలే.
తెల్లారి నుంచి నన్ను ఉస్తాద్ అని పిలిచిండు.
జీతం మాత్రం తొంభై రియాళ్లే.

ఒక పాత బయోనెట్టు ఉండె ఆయన కాడ, మొన అరిగింది.
మట్టిల ఏటవాలుగ గుచ్చుతడు.
నిలువుగ గుచ్చితే చస్తవని పట్టాళంల నేర్పిండ్రట.
ఇప్పుడు కొనకు తగిలేది కుండపెంకే.
అయినా తగలంగనే
ఊపిరి బిగబడుతడు.

ఒకనాడు గడ్డి కిందనే దొరికింది, ఇత్తడి తూటా తొడుగు.
బొటనవేలితోని తుడిచి అడుగున అంకెలు చదివిండు.
"ముందుగాల కొండ మీదోళ్ల దిక్కున్న," అన్నడు,
"తర్వాత సుల్తాన్ దిక్కు.
ఇది ఏ ఏడాదిదో తెలుస్తున్నది.
ఆ ఏడాది నేను ఏ దిక్కున్ననో, అదే యాదికొస్తలేదు."
సంచిల వేసి నంబరు రాసిండు,
రెండువేల ఏండ్ల సాంబ్రాణి గిన్నెకు ఎట్ల రాసిండో
అట్లనే.

ఖరీఫ్ తుంపర పడి పోయింది. కొండలు పచ్చవడి మళ్ల ఎండినయ్.
ఒడ్డున సార్డీన్ చేపలు ఆరబోసిండ్రు,
అన్నంల కూడ అదే వాసన.
షూరా ఎన్నికలొచ్చినయ్. ఆయన నిలబడ్డడు.
ట్యాంకరు ఎక్కలేని ఊర్లకు తొవ్వ వేయిస్తనన్నడు.
గెలిచిండు.
తొవ్వ మ్యాపు వచ్చింది.
గీత మా నాలుగో గుంత మీంచి పోయింది.
కింద సంతకం ఆయనదే. పచ్చ సిరా.

యూనివర్సిటీ పోరడొకడు మొకం మీదనే అరిచిండు.
ఈయన తలపాగ సదురుకుంట నిలబడి విన్నడు.
"మనకు దొరికే కుండలు ఖాళీవి," అన్నడు ఆఖరికి.
"పైన మా అక్క ఇంట్ల కూడ."

పూడ్చుమన్నడు నన్ను.
పుట్టిన కాడి నుంచి తవ్వుడే తెలుసు.
బాయి పూడ్చినోని ఇంట్ల దీపం నిలవదంటది మా అవ్వ.
ఆ ముచ్చట ఆయనకు చెప్పలే.
గోడలకు బట్ట కప్పి
జల్లెడ పట్టిన ఇసుక పోస్తుంటే
ఆగుమని, దిగి, అడుగున యాభై బైసల బిళ్ల పెట్టిండు. కొత్తది.
ఎందుకు సార్?
"ఎన్నటికో ఎవడో తవ్వుతడు. ఎప్పుడు పూడ్చినమో వానికి తెలవాలె."
నా జేబుల ఒక రూపాయి ఉండె, విమానమెక్కిన నాటిది.
పక్కన పెట్టిన.
కండ్లద్దాలు పైకి జరిపి దాని ఏడాది చదివిండు.
రెంటికీ తొమ్మిదేండ్ల తేడా.
పండ్లన్నీ కనవడేటట్టు నవ్విండు,
"పాపం, కొట్లాడుకుంటరు వాండ్లు."

ఇప్పుడు ట్యాంకర్లు పోతున్నయ్.
ఒక్కోనాడు పొద్దుగూకంగ షూరా మెంబరు వస్తడు,
కారు దూరంగ ఆపి, నడుచుకుంట.
తారు రోడ్డే. నున్నగ ఉన్నది.
ఆ చోటు కాడికి రాంగనే
ముందు మునివేళ్లు. ఆగుతడు.
వెనకాల ట్యాంకరోడు హారన్ మీద హారన్ కొడుతడు.