పళ్లెంలో లంక

పొయ్యితో పనిలేదన్నాడు
ఎర్ర బెలూన్లు కడుతున్న బేకరీ కుర్రాడు.
నిజమే. సఖినేటిపల్లి ఎండకి
డాబా మీద స్టీలు గిన్నెలోనే
చాక్లెట్ కడ్డీ మెత్తబడి, జారి
వరద తీసిన ఒండ్రులా నిగనిగలాడింది.

రెండేసి బిస్కెట్లు,
మధ్యన నువ్వు దంచిపెట్టిన వేరుశనగ ముద్ద.
ఇరవై రెండేళ్లుగా
పంటు మీద టిక్కెట్లు చింపే వేళ్లు నావి.
ఒకదాన్ని ఇంత మెల్లగా ముంచడం
వాటికి తెలీదు.
సగం వరకే ముంచాలట.
నేను ముంచినవన్నీ నిండా మునిగాయి,
బొటనవేలితో సహా.

చీకటి పడ్డాక వచ్చావు, కరుణమ్మా,
గుడిలో పూజ నుంచి
నుదుట బూడిద సిలువతో.
విభూది బుధవారం!
క్యాలెండర్లో నేను
పద్నాలుగు అంకె ఒక్కటే చూసుకున్నాను.
ఈస్టరు దాకా తీపి ముట్టవు నువ్వు.

మూత తీసి, వంగి, వాసన చూశావు.
వాసనకి నియమం లేదన్నావు.
తర్వాత, ఎటో చూస్తూ,
"ఆదివారాలు లెక్కలోకి రావులే."

గురు, శుక్ర, శని.
చీమలకి ఉపవాసాల్లేవు.
పళ్లెంలో నీళ్లు పోసి
నడిమధ్యన డబ్బా పెట్టాను.

రాత్రి మెలకువొచ్చి చూస్తే
వంటింట్లో దీపం.
నువ్వు చెంబుతో
ఆ లంక చుట్టూ
ఇంకాస్త గోదారి పోస్తున్నావు.