సోమవారం తొమ్మిదిన్నర

పెళ్ళిచూపుల్లో కూడా అరిచే అడిగినా పేరు.
ఆ పిల్ల బెదిరిపోయి రెండుసార్లు చెప్పింది,
సువార్తమ్మ, సువార్తమ్మ అని.
నగరిలో, మగ్గాల వీధిలో పుట్టినోడికి
చిన్న గొంతు ఉండదు.

ముప్పై ఏండ్లు, ఎనిమిది పవర్‌లూముల నడుమ.
ఎడమ చెవి ముందు పోయింది.
కుడిది ఇంకా పోతా ఉండాది,
బస్సు తప్పిపోయినోడి మాదిరి, తొందరేం లేకుండా.

అట్లాంటోణ్ణి పట్టుకోని పరంజ్యోతమ్మ
"సోమవారం రా, మాట్లాడకుండా కూర్చుంటాం" అనింది.
మా పెద్దోడు కడుపులో అడ్డం తిరిగిన రాత్రి
వాణ్ణి ఈ లోకంలోకి లాగిన చేతులు ఆమెవి.
కాదంటానా.

చర్చి వెనక గది. పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు,
మడిచి అటక మీద పెట్టిన క్రిస్మస్ నక్షత్రం,
దుప్పటి కప్పుకోని నిద్రపోయే స్పీకరు పెట్టెలు.
తొమ్మిదిన్నరకు షిఫ్టు మారే అరగంట
వీధి వీధంతా మగ్గాలు ఆగుతాయి.
చాప మీద ఏడుగురం:
పాల వ్యాను నడిపే తీతు,
పరీక్ష రెండోసారి పోగొట్టుకున్న కెజియా,
కండ్లు మూసీ మూయకముందే గురకలోకి పొయ్యే ఆశీర్వాదం తాత,
ఇంకా ఇద్దురు.
వాకిట్లో, అమ్ముడుపోని మల్లెల తట్టతో చెంగమ్మ.
ఆమె నొసట రూపాయి కాసంత కుంకుమ.
ఎందుకొస్తావని ఎవురూ అడగలా.
కాళ్ళు నొప్పులంట. కూర్చుంటుంది.

పాస్టరయ్యకు మాత్రం గుబులు.
"నోరు తెరవకపోతే
ప్రార్థన ఎట్లా బయటికి పోతుందమ్మా?"
పరంజ్యోతమ్మ చాప దులిపింది.
"బయటికి పొయ్యే పని లేదు లేయ్యా."

నాతో అనింది: "ఒక మాట పెట్టుకో.
మనసు తెగిపోతాది. పోగు తెగితే ఏం చేస్తావు,
మగ్గాన్ని తంతావా?
ముడేసి మళ్ళా నడుపుతావు. అంతే."

నేను పెట్టుకున్న మాట, అబ్బా.
యేసయ్య తండ్రిని పిలిచిన మాట.
నడుం పట్టేస్తే నా నోట్లోంచి వచ్చే మాట.
రెండూ ఒకటేనని
ఆ చాప మీద కూర్చునేదాకా తట్టలా.

వీధిలో మగ్గాలు ఆగినాయి. నా చెవుల్లోది ఆగలా.
అది షిఫ్టు లేని మగ్గం.
టక టక టక, దాని మీదే పిలిచినా,
అబ్బా.
దేవుడు రాలా.
మా అబ్బ వచ్చినాడు.
గుంతమగ్గంలోకి కాళ్ళు దించి, చేతిలో నాడె,
వినబడక నా నోటి దిక్కే చూస్తా.
"చెవిటోడా" అన్నా ఒకసారి ఆయన్ని,
ఏకాంబరకుప్పం స్టేషన్లో, రైలు తప్పిందని,
ప్లాట్‌ఫారం మీద అందురికీ వినబడేట్టు,
ఆయనకొక్కడికి తప్ప.

అబ్బా. ముడేసినా.
తెగింది.
అబ్బా.

నాలుగు సోమవారాలు ఆయనే.
ఐదో వారం
ఆయన పక్కన ఇంకెవరో కూర్చోనుండారు,
చిక్కుపడిన నూలు ఒళ్ళో వేసుకోని,
విడదీస్తా, విడదీస్తా,
నేను వచ్చింది చూసినా చూడనట్టు.
ఎవరని అడగలా.
మాట్లాడకూడదు కదా.

తొడల కింద నేల వణికింది.
మగ్గాలు మొదలైన సంగతి నాకు చర్మమే చెప్పాల.
కాసేపు ఎవురూ లేవలా.
చెంగమ్మ మూరెడు మల్లెలు తెంపి
కెజియా ఒళ్ళో పెట్టి, తట్ట ఎత్తుకోని పోయింది.

ఇంటికొచ్చి సువార్తమ్మతో ఒక సంగతి చెప్పినా,
చిన్నగా,
నాకే వినబడనంత చిన్నగా.
ఆమె చేతిలో గిన్నె దించి నా దిక్కు తిరిగింది.
"ఏందీ?"
కొంగు నడుముకు దోపి, దగ్గరకొచ్చి,
కుడి చెవి పక్కన,
"ఏందీ? మళ్ళా చెప్పు."